ముందే దూకిన పిల్ల

ఆదివారం పొద్దున చర్చిలో పూజకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుందే కాని, దొమితీలాకు ప్రార్థన నోటికి రాలేదు. ఒకోత్లాన్ మాత విగ్రహం ముందు కొవ్వొత్తి వెలిగించింది. ఏమని అడగాలి? నన్ను కాపాడు తల్లీ అందామంటే, తప్పు చేసింది తనే. ఆ ఉర్రాకా చేతుల్లో బలం తగ్గించు తల్లీ అనడం ఇంకా పాపం. చివరికి "నీకు తెలియంది కాదుగా" అని మాత్రం అని, చెంపలు తుడుచుకుని లేచింది. సాయంత్రం కుస్తీ ఉంది. ఆ ఉర్రాకాతోనే.

తీలా అని అందరం పిలిచే ఈ పిల్ల చియావుతెంపాన్‌లో కంబళ్ళ కార్ఖానాలో మగ్గం నేసేది. తల్లిదండ్రులు లేరు, పెత్రా పిన్ని పెంచింది. వారమంతా ఉన్ని దుమ్ములో దగ్గుతూ తీలా. ఆదివారం బూడిదరంగు ముసుగు తగిలించుకుంటే నెబ్లీనా. పొగమంచన్నమాట. ఆ రోజుల్లో రాజధానిలో ఆడవాళ్ళ కుస్తీని ఒప్పుకునేవారు కాదు. అందుకని మా వైపు చిన్న ఊళ్ళలోనే, కోడిపందాల బరిలోనో ఎద్దుల బరిలోనో రింగు కట్టి ఆడించేవారు. నేర్పింది దోన్ చోన్ అనే ముసలాయన. ఒకప్పుడు కుస్తీ పట్టినవాడు, ఇప్పుడు గుర్రాలకు నాడాలు కొట్టేవాడు.

ఆ పిల్ల భయస్థురాలు. ఆ మాట దాచి లాభం లేదు. మొదటి కుస్తీ నాడు వాన. టార్పాలిన్ కింద నీళ్ళు కారుతున్న రింగులో కాళ్ళు వణికి, ఎదుటామె పట్టకముందే జారిపడింది. జనం పడీపడీ నవ్వారు. బయటికి వస్తుంటే తమాలెలనే మొక్కజొన్న కుడుములు అమ్మే ఒకావిడ, ముసుగు వెనక ఎవరున్నారో కూడా అడక్కుండా, వేడి వేడి జావ గ్లాసు చేతిలో పెట్టి పంపింది. రెండోసారి ముక్కులోంచి రక్తం కారింది. ఆట అయ్యాక, కొట్టినామే మంచుగడ్డ రుమాల్లో చుట్టి రిఫరీ చేత పంపించింది. ఇలాంటివి తీలా మరిచిపోయేది కాదు. అయినా మరుసటి ఆదివారం వచ్చేసరికి మళ్ళీ అదే భయం.

అన్నిటికంటే ముసుగంటే భయం ఎక్కువ. తల వెనక తాడు బిగించి కడుతుంటే ఎవరో గొంతు నులుముతున్నట్టే ఉండేది.

"కొంచెం వదులు చెయ్యండి, దోన్ చోన్. ఊపిరాడట్లేదు."

"వదులైతే తిరుగుతుంది, బిడ్డా. ఊపిరి నోటితో పీల్చు, దానికే కదా కంత పెట్టింది."

ఆయన అటు తిరగగానే తనే వేళ్ళు పెట్టి తాడు సడలించుకునేది. అలా సడలించుకునే మూడో కుస్తీకి దిగింది, అపిసాకో ఊరి హాల్లో. ఎదుట ఉర్రాకా.

ఉర్రాకా పేరు చెబితే మా ఊళ్ళలో పిల్లలు అన్నం తినేవారు. అసలు పేరు ఎవరూ వాడేవారు కాదు. దొంగతనాలు చేసే నలుపూ తెలుపూ పిట్ట పేరే ఆమె పేరు. నలభై దాటిన మనిషి, ముసుగు లేదు. జుట్టులో ఒక తెల్ల పాయ. రింగులో నీతిగా ఆడేవాళ్ళను తెక్నికోలని, దొంగదెబ్బలు తీసేవాళ్ళను రూడోలని అంటారు. ఉర్రాకా రూడా, తీలా తెక్నికా. ఎవరు గెలవాలో నిర్వాహకుడు ముందే చెబుతాడు నిజమే. కాని కింద పడే ఒంటికి ఆ సంగతి తెలియదు.

ఆ ఆటలో ఒక దూకుడు ఉంది. మంచి పక్షంవాళ్ళు పైతాడు ఎక్కి రింగు బయట నిలబడ్డ చెడ్డవాళ్ళ మీదికి ఎగిరి దూకాలి. చూసేవాళ్ళకు అది దెబ్బ కొట్టడం. నిజానికి కింద ఉన్నామె కాళ్ళు నిలదొక్కుకుని, తలతిరిగినదానిలా ఊగుతుంది. సిద్ధంగా ఉన్నాను, రా అనడానికి అదే గుర్తు. అప్పుడు దూకితే ఆమె గుండెకు హత్తుకుని, ఆ బరువుతో వెల్లకిలా పడుతుంది. ఇంత దుర్మార్గురాలని జనం తిట్టిపోసే మనిషే రెండు చేతులూ చాచి ప్రాణం పట్టుకుంటుందన్నమాట.

ఆ రోజు తీలా తాడెక్కేసరికి చెమటకు ముసుగు గిర్రున తిరిగింది. కళ్ళ కంతలు చెవి మీదికి పోయాయి. అంతా చీకటి. చుట్టూ హోరు. సర్దుకుందామన్న ఆలోచనే రాలేదు, భయానికి కాళ్ళు వాటంతట అవే లేచాయి. ఉర్రాకా ఇంకా అటు తిరిగి కుర్చీలు పక్కకు తంతోంది. గాల్లో మనిషిని చూసి పరుగెత్తుకొచ్చి అడ్డుపడింది. పట్టుకుంది కూడా. కాని తను ఇనపకుర్చీ అంచు మీద పడింది.

టప్‌మని చిన్న చప్పుడు. తీలా ఆమె గుండెల మీదే పడి ఉంది కాబట్టి ఆ చప్పుడు చెవికి కాదు, తన ఒంటికే వినిపించింది. కుడిభుజం ముందరి ఎముక విరిగింది.

తీలాకు గోరు కూడా ఊడలేదు.

అప్పటినుంచి మొదలైంది అసలు భయం. రొట్టెల బుట్ట కట్టుకుని ఆస్పత్రికి బయల్దేరితే దోన్ చోన్ వాకిట్లోనే ఆపాడు.

"ఎక్కడికి?"

"కాళ్ళు పట్టుకుంటాను. తప్పయిందంటాను."

"నీకు మతిగాని పోయిందా? తెక్నికా వెళ్ళి రూడాకి రొట్టె తినిపించిందని ఊరికి తెలిస్తే, రేపు మీ ఇద్దరి ఆట ఎవడు చూస్తాడు? నీ పొట్ట సరే, దాని పొట్ట కూడా కొడతావా?"

అదీ మా వాళ్ళ కట్టుబాటు. రెండు పక్షాలకు బట్టలు మార్చుకునే గదులే వేరు. వీధిలో ఎదురుపడినా మొహం తిప్పుకోవాలి.

"మరి ఆమె ఏమనుకుంటోందో నాకెలా తెలుస్తుంది?"

"రింగులో తెలుస్తుంది" అన్నాడు దోన్ చోన్. ఆ మాట అన్నాక, అనకుండా ఉండాల్సింది అనుకున్నట్టు గడ్డం గోక్కున్నాడు.

కార్ఖానాలో ఎర్లిందా అని పక్క మగ్గం పిల్ల ఒకతి ఉండేది. తీలా కుస్తీ పడుతుందని తెలియదు కాని, కుస్తీల కబుర్లన్నీ దాని దగ్గరే. "ఉర్రాకా వస్తోందటే మళ్ళీ! ఆ పొగమంచు పిల్ల పని అయిపోయింది. రింగులో ఎముక విరిస్తే ఎముకే ఇవ్వాలట. ఒరిసాబాలో ఒకామె ఇట్లాగే పెద్దామె మోకాలు విరిచిందిట. మరుసటి ఆటలో పెద్దామె దాన్ని తలకిందులుగా ఎత్తి, చేతులు వదిలేసిందిట. పోలీసులేం చేస్తారు, ఆటేగా!" అని కండె అందించింది. తీలా చేతిలో నూలు తెగిపోయింది.

వానలు వెనకబట్టాయి. ఉర్రాకా కట్టు విప్పారు. అపిసాకోలో అదే హాలు, అదే జంట, అదే దూకుడు కావాలన్నాడు నిర్వాహకుడు. జనానికి కావలసింది అదే మరి.

పూజకు వెళ్ళొచ్చిన ఆ ఆదివారం సాయంత్రం దోన్ చోన్ ముసుగు తాడు కడుతుంటే తీలా వదులు చెయ్యమనలేదు. పళ్ళు బిగించి కూర్చుంది. 

"రానంటే రాననవచ్చు, బిడ్డా. ఎవరూ ఏమనరు."

"ఆమె వచ్చిందా?"

"వచ్చింది. అవతలి గదిలో ఉంది."

"ఏమన్నా అందా?"

"నోరు విప్పలేదు."

తీలా సిలువ గుర్తు వేసుకుని లేచింది.

గంట కొట్టగానే ఉర్రాకా చెంప పగలగొట్టింది. హాలంతా లేచింది. "దొంగపిట్టా! సిగ్గులేదా నీకు!" అని ముందు వరసలో ముసలావిడ చెప్పు విసిరింది. ఉర్రాకా ఆ చెప్పు అందుకుని, వాసన చూసి, ముక్కు మూసుకుంది. జనం గొల్లుమన్నారు. తీలాకు నవ్వు రాలేదు. ఆ కళ్ళలోకి చూసింది. అందులో ఏమీ కనిపించలేదు. కోపమున్నా బాగుండును.

ఉర్రాకా ఆ పిల్లను తాళ్ళకు విసిరింది. జుట్టు పట్టినట్టు ముసుగు పట్టి ఈడ్చింది. వీపు మీద అరచేత్తో చరిచింది. ప్రతి దెబ్బకూ ఇదే, ఇప్పుడే అనుకుంటూ తీలా ఒళ్ళు రాయి చేసుకుంది. ఒకసారి నడుం పట్టి తలకిందులుగా ఎత్తింది. పైకప్పు దీపాలు కిందికి వచ్చాయి. ఒరిసాబా, ఒరిసాబా అని గుండె కొట్టుకుంది. ఉర్రాకా పొట్టకు ఆనించుకుని, మెల్లిగా వీపు మీద దింపింది. జనానికి అది ధడేల్‌మనే చప్పుడు. తీలాకు చాప మీద పడుకోబెట్టినట్టే ఉంది. అయినా భయం పోలేదు. అసలు దెబ్బ దూకేటప్పటికి దాచుకుందేమో. చేతులు చాచి, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటే చాలు.

పెనుగులాటలో తాడు సడలిందో ఏమో, ముసుగు మళ్ళీ జారడం మొదలుపెట్టింది. ఒక కన్ను మూసుకుపోయింది. తర్వాత రెండోదీ. అదే చీకటి. తీలా మోకాళ్ళ మీద గుడ్డిదానిలా గాలిని తడిమింది. 

ఉర్రాకా మీద పడింది. రెండు చేతులతో తలను రింగు మూలనున్న స్తంభానికి అదిమి, వేళ్ళు ముసుగులోకి దూర్చి లాగింది.

"రిఫరీ! చూస్తావేంరా, ముసుగు చింపేస్తోంది!" జనం అరుపులు. కుర్చీలు కదులుతున్న చప్పుడు. ముసుగు ఊడదీయడమంటే మా వాళ్ళలో బట్టలు ఊడదీయడం కన్నా ఎక్కువ. తీలా ఆ మణికట్లు పట్టుకుని గింజుకుంది.

"కదలకే, పిల్లా" అంది చెవి దగ్గర ఒక గొంతు. తిట్టినట్టు లేదు, జడ వేస్తున్నప్పుడు తల ఊపే పిల్లను కసిరినట్టు ఉంది. ఒక చెయ్యి బట్టను అటూ ఇటూ గుంజుతున్నట్టు ఆడిస్తోంది. రెండో చెయ్యి తల వెనక తాడు దొరకబుచ్చుకుని గట్టిగా బిగించి ముడేసింది. కళ్ళ కంతలు కళ్ళ మీదికి వచ్చాయి. దీపాలు, తాళ్ళు, ఆ తెల్ల పాయ, అన్నీ ఉన్నాయి.

"కనబడుతోందా?"

తీలా తల ఊపింది.

"నేను ఊగేదాకా దూకకు." అని, రిఫరీ వైపు తిరిగి చేతులు రెండూ ఎత్తి, నేనేం చేశానని పెదవి విరిచింది. జనం ఆమెకు శాపాలు పెడుతున్నారు. తీలా దెబ్బ తీసింది. ఉర్రాకా తాళ్ళ మధ్యనుంచి బయటికి దొర్లిపోయింది.

తీలా పైతాడు ఎక్కింది. కింద సిమెంటు నేల.  మాట మంచిదే, కాని ఆ భుజం? అతుక్కున్న ఎముక తన బరువు ఆపుతుందా? ఇంతకుముందు తన ఒంటి గురించి భయం. ఇప్పుడు ఆ భుజం గురించి. ఇది ఇంకా చెడ్డ భయం. దిగిపోదామనిపించింది. ఉర్రాకా కాళ్ళతో కుర్చీలు రెండు పక్కకు తోసింది. పాదాలు ఎడంగా పెట్టింది. తల తిరిగినదానిలా, ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది.

మాతా, అని తీలా దూకింది.

రెండు చేతులు. మెత్తగా, వెచ్చగా, వేపిన మొక్కజొన్న వాసనతో ఒక గుండె. ఇద్దరూ నేల మీద. తీలా చెవి ఒగ్గి వింది. ఏ చప్పుడూ కాలేదు.

"లే. లేచి నాలుగు తగిలించు. చూస్తున్నారు" అంది కింద నుంచి ఉర్రాకా, రొప్పుతూ.

ఇంకా వెలుతురు ఉండగానే ఆట ముగిసింది. తీలా ముసుగు సంచిలో పెట్టి, శాలువా కప్పుకుని, వెనక దారిన వచ్చి బస్సెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. తర్వాతి మలుపులో కిక్కిరిసిన జనంతో పాటు ఎక్కింది ఉర్రాకా.  తీలా మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా తీలా కిటికీ వైపు తిరిగింది.

"ఏమమ్మా ఉర్రాకా, ఆ పసిదాన్ని అట్లా చావబాదావు. నీకు పిల్లల్లేరా?" అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన.

"ఉన్నారు నాయనా. వాళ్ళని ఇంకా గట్టిగా బాదుతాను."

బస్సంతా నవ్వింది. ఉర్రాకా పైకడ్డీ పట్టుకోబోయి, కుడిచెయ్యి సగం ఎత్తి, దించుకుని ఎడమచేత్తో పట్టుకుంది. తీలా చూసింది. చూశాక కూర్చోలేకపోయింది.

"కూర్చోండమ్మా" అంది లేచి.

"దేవుడు మేలు చేస్తాడు. ఆ సంచి ఇటివ్వు, నిలబడి మొయ్యడమెందుకు?"

కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకోవడం మా బస్సుల్లో మామూలే. కాదంటే తప్పుగా ఉంటుంది. తీలా ఇచ్చింది. ఎవరైనా అడిగే మాటే కదా అని అడిగింది.

"భుజం... ఇంకా నొప్పేనా?"

"చలికి లాగుతుంది."

"ఆ పిల్ల మీద కోపం రాలేదా?" అని టోపీ ఆయన మధ్యలో దూరాడు.

"వచ్చింది. ఆస్పత్రిలో పడుకుని తిట్టని తిట్టు లేదు." ఉర్రాకా సంచి మీద చేతులు పెట్టుకుంది. "తర్వాత గుర్తొచ్చింది. మొదట్లో నేనూ ఇంతే. భయమేస్తే ముందే దూకేస్తాం. నన్ను పట్టుకున్నామెకు రెండు పళ్ళు ఊడాయి. ఒక్కమాట అనలేదు తల్లి. ఆమె ఇప్పుడు లేదు, క్షమించమని నేనెవర్ని అడగను?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. తీలా కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది, కిందపడిపోతానేమో అన్నట్టు.

కొంచెంసేపటికి ఉర్రాకా తల సంచి మీదికి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుని, అలిసిన మనిషిలా గాఢంగా నిద్రపోయింది. వచ్చే ఆదివారం హువామాంత్లాలో వీళ్ళిద్దరికీ ఇదే ఆట, ఇదే దూకుడు. 

"చియావుతెంపాన్! దిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని డ్రైవరు అరిచాడు.

తీలా దిగాల్సిన ఊరే. కాని సంచి లాగితే ఉర్రాకా లేస్తుంది. తీలా పలకలేదు. బస్సు కదిలింది. ఎక్కుతున్న జనం నెట్టుకొస్తుంటే, ఆ కుడిభుజానికి ఎవరూ తగలకుండా, తన వీపు వాళ్ళకు అడ్డం పెట్టి నిలబడింది.