కోహెమ్‌లో మూడు రోజులు

మేము జర్మనీ వెళ్ళలేదు. ఈ ముక్క ముందే రాసి పెట్టుకుంటున్నాను. చివరికొచ్చేసరికి నా మీద నాకే నమ్మకం ఉంటుందో లేదో చెప్పలేను.

దోహాలో, అల్ మన్సూరాలో మాది రెండు గదుల ఫ్లాట్. నేను ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెబుతాను. మా పుట్టిల్లు తెనాలి దగ్గర. మా ఆయనది జగిత్యాల వైపు. రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ ప్లాంటు కంట్రోల్ రూములో ఆయన ఆపరేటరు. తెరల ముందు కూర్చుని ఏ వాల్వు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, ఎక్కడ ఒత్తిడి పెరుగుతోంది అని పన్నెండు గంటలూ కనిపెట్టుకుని ఉండాలి. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఏం జరిగినా, జరక్కపోయినా, మాకు మేమిద్దరమే సాక్షులం.

పెళ్ళై ఇరవై ఏళ్ళవుతోందని, ఎక్కడికైనా వెళ్దామని ఆయనకే బుద్ధి పుట్టింది. కంట్రోల్ రూములో ఎవరో ఫోన్లో చూపించారట. జర్మనీలో మోసెల్ అని ఒక నది, రెండు గట్ల వెంటా నిట్టనిలువు కొండలు, కొండల నిండా ద్రాక్షతోటలు, కింద కోహెమ్ అనే చిన్న ఊరు. వైన్ రుచి చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడికి వెళ్తారట.

"మీరు తాగరు, నేను తాగను. వైన్ ఊళ్ళో మనకేం పనండీ?" అన్నాను.

"తాగకుంటే ఏమైతది? ద్రాక్షపండ్లు తింటం. ఆ కొండలు సూస్తం. పచ్చగ ఏదన్న సూసి ఎన్నేండ్లైంది మనం?"

గోడ మీది కేలెండరు తీసి ముందు పెట్టుకున్నాం. శుక్రవారం తెల్లారగట్ల విమానం ఎక్కితే పొద్దున్నే ఫ్రాంక్‌ఫర్ట్. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలే కాబట్టి ఆదివారం ఒక్కరోజు సెలవు పెడితే సాయంత్రానికి తిరుగు ప్రయాణం. అలా అనుకున్నాం.

యూరప్ వీసాకి ఏ రోజు ఎక్కడుంటామో, ఏ పూట ఏం చేస్తామో కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇక్కడ చాలామంది ఫారాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌కి వెళ్ళి, ఎవరిదో పాత కాగితంలో పేర్లు మార్పించుకుని ఇచ్చేస్తారు. హాయిగా నేనూ ఆ పని చేసి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. కానీ నేను టీచర్ని. ఎవరో రాసిన జవాబు నేను దిద్దుతానే తప్ప వాడుకోను. మూడు వారాలు రోజూ స్కూలు నుంచి రాగానే కూర్చుని ఆ ఊరిని కంప్యూటర్లో అంగుళం అంగుళం తిరిగాను. వీధుల ఫొటోల్లో రైల్వే స్టేషన్ నుంచి వంతెన దాకా నడిచాను. నది ఒడ్డున ఒక చిన్న బస ఎంచుకున్నాను, రెండో అంతస్తు, కిటికీ ద్రాక్షతోట వైపు. ఏ రైలు కోబ్లెంజ్‌లో మారాలో, కోటకి ఏ సందులోంచి ఎక్కాలో, పడవ ఎన్నింటికో, అన్నీ రాశాను. నాలుగు పేజీలొచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. నాతో పనిచేసే ఒక టీచరమ్మ బెదరగొట్టింది. "మొగుడూ పెళ్ళాల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. జవాబులు కలవకపోతే వీసా మాఫీ" అంది. మాఫీ అంటే లేదని, ఇక్కడి మాట. ఇక చూడండి. మా ఆయనకి ఆ నాలుగు పేజీలూ బట్టీ పట్టించాను.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి కంచం ముందు కూర్చోగానే మొదలుపెట్టేదాన్ని. "శనివారం పొద్దున మొదట ఎక్కడికెళ్ళాం?" వెళ్తాం అని కాదు, వెళ్ళాం అని అడిగేదాన్ని. జరిగిపోయినదానిలా చెబితే తడబాటు రాదని నా తెలివి. పిల్లల చేత చరిత్ర పాఠం అలాగే చెప్పిస్తాను, తామే చూసినట్టు. ఆయన పప్పు కలుపుకుంటూ "కోటకు పోయినం" అనేవారు.

"ఎలా వెళ్ళాం?"

"నడుసుకుంట. నీకు ఆయాసమొచ్చి నడుమ రెండుసార్లు కూసున్నవ్."

ఆ రెండుసార్లు కూర్చోవడం నేను రాయలేదు. నవ్వొచ్చింది. మార్కులు వేశాను కూడా.

వీసా సెంటర్లో వేలిముద్రలు తీసుకున్నారు, కాగితాలు తీసుకున్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. బయటికొచ్చి ఆయన నన్ను ఆటపట్టించారు, ఇంత చదివించి పరీక్ష పెట్టకపోతే ఎట్ల టీచరమ్మా అని. వీసాలు వచ్చాయి. ప్రయాణం ఇంకో వారం ఉందనగా ప్లాంటులో మరమ్మతుల షట్‌డౌన్ పొడిగించారు, అందరి సెలవులూ రద్దు. టికెట్లు, బస, అన్నీ కాన్సిల్ చేశాం. ఆ శుక్ర, శని, ఆదివారాలు ఆయన డ్యూటీకే వెళ్ళారు. నేను ఇంట్లో యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాను. ఇది నిజం.

నాలుగు నెలల తర్వాత దోహాలోనే, అల్ తుమామాలో తెలిసినవాళ్ళింట్లో భోజనాలకి పిలిచారు. ఇంటాయన మా ఆయన్ని అడిగాడు, ఈమధ్య ఎటైనా వెళ్ళారా అని.

"జర్మనీ పోయొచ్చినం" అన్నారు మా ఆయన.

నేను బిత్తరపోయాను. ఆయన మాత్రం తాపీగా చెప్పుకుపోతున్నారు, కోబ్లెంజ్‌లో రైలు మారడం, వంతెన, కోట, పడవ. అందరూ వింటున్నారు. నలుగురిలో మొగుడి మాట తీసెయ్యకూడదని మా అమ్మ నేర్పిన బుద్ధి నాకు. గొప్పలు చెప్పుకుంటున్నారులే, ఇంటికెళ్ళాక చూసుకుందాం అని ఊరుకున్నాను. ఊరుకున్నా నయమే. ఇంటావిడ నా వైపు తిరిగి "చలి బాగా ఉందా?" అనడిగితే, "పొద్దుటిపూట కొంచెం" అన్నాను.

కారెక్కగానే నా ఒళ్ళు మండింది. "ఏంటండీ ఆ కోతలు?"

"ఏం కోతలు?"

"జర్మనీ ఎప్పుడెళ్ళాం మనం?"

ఆయన నవ్వలేదు. సిగ్నల్ దగ్గర కారాపి నా మొహంలోకి చూశారు. "ఏమైందే నీకు? జాతరకు పోయొచ్చి మరిచిపోయినట్టు మాట్లాడ్తవ్" అన్నారు. ఆ గొంతులో వేళాకోళం లేదు. అప్పుడు వేసింది నాకు భయం.

ఇంటికెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి ముందు పెట్టాను. వీసా ఉంది, పక్కన స్టాంపు లేదు. "చూడండి" అన్నాను. ఆయన చూసి, "ఇప్పుడు స్టాంపులు ఏడ కొడ్తున్నరు? ఫొటో, వేలిముద్రలు తీసుకున్నరు గదా. ఈడ దోహా ఎయిర్‌పోర్టుల కూడ ఏలు పెడ్తె గేటే తెరుసుకునె" అన్నారు. ఆ మాటా అబద్ధం కాదు, ఈమధ్య అంతటా అలాగే చేస్తున్నారు. మరి ఫొటోలేవి అన్నాను. "నీ పాత ఫోన్ల ఉండె. అది పాడైపాయె గదా." నా పాత ఫోను ఆ నెలలోనే పాడైన మాట నిజమే. నేను ఏ రుజువు చూపించినా అది ఆయన వైపుకే వెళ్ళి నిలబడుతోంది. ప్లాంటు నుంచి ఆ మూడు రోజుల డ్యూటీ కాగితాలు తెచ్చి చూపించమని అడగాలనుకున్నాను. ఎందుకో అడగలేదు. అవి తెచ్చాక అందులో సెలవని ఉంటే ఏం చెయ్యాలి అన్న ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాత నేను ఆ ఊసెత్తలేదు. ఆయనే ఎత్తేవారు, మామూలుగా, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు. ఈ రొట్టె ఆడ తిన్నదాని లెక్క లేదు అనేవారు. ఒకరోజు నేను మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. బయట ఎండకి గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఉన్నట్టుండి తడిపిన పలక వాసన వచ్చింది, చిన్నప్పుడు బళ్ళో ఉమ్మేసి తుడిస్తే వచ్చేదే. మోసెల్ ఒడ్డున ద్రాక్షతోటలన్నీ పలకరాతి నేల మీదే పెరుగుతాయని చదివాను. చదివాను, అంతే. కుళాయి కట్టేసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వాసన పోలేదు.

ఇంతలో ప్లాంటు నుంచి ఆయన సూపర్‌వైజర్ నాకు ఫోన్ చేశాడు. మంచి మనిషి, మాకు పదేళ్ళుగా తెలుసు. డ్యూటీ మారేటప్పుడు మా ఆయన ఒక వాల్వు మూయించానని తర్వాతి ఆపరేటర్‌కి చెప్పారట. మూయించలేదు. ఎవరితో మాట్లాడారో, వాళ్ళేమన్నారో కూడా పూసగుచ్చినట్టు చెప్పారట. అలా రెండోసారట. "మేడమ్, ఇంకోసారి ఇలా అయితే మనుషులు పోతారు. పైకి రాయకుండా నేను రేపు డాక్టర్ దగ్గరికి పంపిస్తున్నాను. ఇంట్లో మీరేమైనా గమనిస్తే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. ఆవిడ ఫిట్ అని రాస్తే ఎల్లుండి నుంచి మళ్ళీ కంట్రోల్ ప్యానెల్ ముందు కూర్చోబెట్టాలి" అన్నాడు.

దాచకుండా చెబుతానని మాటిచ్చాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఒక్క వాక్యమే, మేము జర్మనీ వెళ్ళలేదు, ఈయన వెళ్ళామంటున్నారు అని. ఆ ఒక్క వాక్యం మీద కంట్రోల్ రూము అవతల పనిచేసే వాళ్ళందరి ప్రాణాలూ ఉన్నాయని నాకు తెలుసు.

డాక్టర్ ఈజిప్టు ఆవిడ, నెమ్మదస్తురాలు. అయిదు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమంది, చెప్పారు. గడియారం బొమ్మ గీయమంది, గీశారు. నూరులోంచి ఏడేసి తీసేయమంటే నాకంటే వేగంగా తీసేశారు. చివరికి, ఈ ఏడాదిలో మీకు సంతోషం కలిగించిన విషయం ఒకటి చెప్పండి అంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చింది అనుకున్నాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. రైలు, వంతెన, కోట. ఇంగ్లీషులో, మెల్లగా, కళ్ళు మెరుస్తూ. ఆయన్ని అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో. శనివారం సాయంత్రం పడవ దిగేసరికి వాన పట్టుకుందన్నారు. మేము తడుస్తూ నిలబడితే బస ఇంటావిడ రేవు దాకా వచ్చిందట, చేతిలో నల్ల గొడుగుతో.

డాక్టర్ నవ్వుతూ నా వైపు చూసింది. "నిజమేనా?"

"నల్లది కాదు, ఆకుపచ్చ గళ్ళ గొడుగు. ఒక పుల్ల విరిగి నా భుజం మీదికి నీళ్ళు కారాయి" అన్నాను.

నా నాలుగు పేజీల్లో వాన లేదు. గొడుగు లేదు. కానీ ఆ మాట నేను అబద్ధంగా చెప్పలేదు. ఆ చల్లని నీళ్ళు జాకెట్టులోకి దిగడం నాకు తెలిసింది. ఆయన నా చెయ్యి పట్టుకుని "అవును, పచ్చదే" అన్నారు. డాక్టర్ కంప్యూటర్ వైపు తిరిగి ఉత్తరం రాసేసింది. జ్ఞాపకశక్తి బాగుంది, అలసటే కారణం కావచ్చు, పనికి ఫిట్.

కారు పార్కింగులో ఎండ మొహాన కొట్టేదాకా నాకు నేను చేసింది తెలియలేదు. మర్నాడు ఆయన బస్సెక్కుతారు, తెరల ముందు కూర్చుంటారు, మూయించని వాల్వు మూయించానంటారు. దానికి సాక్షి సంతకం నాది.

ఇంటికి రాగానే ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. నేను హాల్లో కూర్చుని క్లినిక్‌కి ఫోన్ చేశాను. డాక్టర్ దొరికేదాకా పట్టుబట్టాను. ఆవిడ లైన్లోకి రాగానే చెప్పేశాను. "మేము జర్మనీ వెళ్ళలేదు. ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఉత్తరం చెల్లదని కంపెనీకి చెప్పండి."

ఆవిడ అడిగింది, "మరి గొడుగు?"

"తెలియదు."

"ఉత్తరం ఇప్పుడే వెనక్కి తీసుకుంటాను. ఆయన్ని డ్యూటీకి పంపకండి. రేపు తీసుకురండి" అంది.

ఫోన్ పెట్టేసి తల తిప్పితే ఆయన గుమ్మంలో ఉన్నారు, రెండు చేతుల్లో రెండు కప్పులతో. అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగం మీద నేను నీళ్ళు పోశాను కదా. కోప్పడలేదు. కప్పులు బల్ల మీద పెట్టి నా పక్కన కూర్చున్నారు. నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు, జ్వరమేమో అన్నట్టు. ఆ మొహంలో ఉన్నది నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసినప్పుడల్లా నాలో ఉన్నది అదే.

"నీకు యాదికి లేదా?" అన్నారు. "భయపడకు. రేపు నన్ను తర్వాత సూస్తరు గని, ముందుగాల నిన్ను సూపిద్దాం."

సరే అన్నాను.