డెమో క్లాసులో మాస్టారు

చాలా ఏళ్ల కిందట మా మాస్టారు నన్నొక ప్రశ్న అడిగితే నిజం చెప్పకుండా దాటేశాను. మొన్న బందరు స్టేషను బయట కారు కోసం నిలబడ్డప్పుడు ఆ సంగతి మళ్లీ బరువుగా తోచింది. డ్రైవరు ఫోన్‌లో "పికప్ పాయింటుకి వచ్చేశానండీ, డ్రాప్ మోపిదేవే కదండీ?" అన్నాడు. పక్కన అరటిపళ్లమ్మే ఆవిడ ఎవరితోనో "చెకప్ అయిందా? ఫోను స్విచాఫ్ చేసుకోమాకే" అంటోంది. ఇలాంటి మాటలు నేర్పుతానని బోర్డు కట్టి బతికినవాణ్ణి నేను. ఇప్పుడు ఎవరికీ నేర్పనక్కర్లేదు.

మాస్టారిది పాత ఇంగ్లీషు. నాగాయలంక నుంచి బందరు కాలేజీకొచ్చిన, ఇంగ్లీషంటే చెమటలు పట్టే నన్ను సాయంత్రాలు తన వీధరుగు మీద కూర్చోబెట్టుకుని చదివించారు. ఆయన నోట దీపం ఆర్పడం 'ఎక్స్‌టింగ్విష్', వాయిదా వేయడం 'పోస్ట్‌పోన్', ఓర్చుకోవడం 'టాలరేట్'. కరెంటు పోతే విసనకర్ర వెతుక్కుంటూ "ఇల్యూమినేషన్ హ్యాజ్ సీస్డ్" అనేవారు. ఆ మాటలు ఇస్త్రీ పంచెలా నిండుగా ఉండేవి. అర్జీ రాయించుకోవాలంటే వీధిలో అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు.

తొంభైల చివర్లో, గుడివాడలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి తిరిగొచ్చి, ఆయన వీధి చివరే మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు పెట్టాను. మొదట ఉచితంగా డెమో క్లాసు. అన్ని పెద్ద మాటలెందుకు, 'పుట్'కి చిన్న తోక తగిలిస్తే చాలు, పుట్ అవుట్, పుట్ ఆఫ్, పుట్ అప్ విత్ అంటూ చేతులాడించి చెప్పేవాణ్ణి. వినేవారు, వెళ్లిపోయేవారు. ఒకనాడు ఉండబట్టలేక మాస్టారి గొంతు పెట్టి, లేని పంచె కుచ్చిళ్లు సర్దుకుంటూ, "అబ్బాయ్, కైండ్లీ ఎక్స్‌టింగ్విష్ ది ల్యాంప్!" అన్నాను. క్లాసు గొల్లుమంది. "అచ్చం మా మాస్టారేనండీ!" అన్నాడొకడు. ఆ వారమే వాడు అరుగు మాని మేడెక్కాడు. ఇక ప్రతి డెమోలోనూ అదే వేషం. అరుగు ఖాళీ అవుతూ వచ్చింది. పెన్షను లేని ప్రైవేటు బడి పంతులాయన. ఆ అరుగు మీదే ఇల్లు గడిచేది.

ఒక సాయంత్రం నన్ను ఆపి, "ఏరా, పిల్లలు ఎందుకు మానేస్తున్నారు? నా చెప్పడంలో ఏమన్నా లోటొచ్చిందంటావా?" అని అడిగారు.

"కాలేజీ టైములు మారాయేమో మాస్టారూ" అన్నాను.

ఆ ఏడాదే ఆయన పాఠాలు మానేసి మోపిదేవిలో కూతురింటికి వెళ్లిపోయారు. నా సెంటరూ ఎన్నాళ్లో నిలవలేదు.

మొన్న వెళ్లేసరికి వాలుకుర్చీలో ఉన్నారు. నా మొహం మారిపోయినా గొంతును బట్టి గుర్తుపట్టారు. దాచకుండా అంతా చెప్పేశాను.

"ఏదీ, ఒకసారి చేసి చూపించు" అన్నారు.

లేచి, సిగ్గుతోనే కుచ్చిళ్లు సర్దుకుని చేశాను. ఆయన శ్రద్ధగా చూశారు.

"కుచ్చిళ్లు బాగానే కుదిరాయి. ల్యాంపు ఆర్పడానికి 'కైండ్లీ' ఎందుకురా, నేనెప్పుడూ అనలేదు" అన్నారు. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "అయితే నా చెప్పడంలో లోటు లేదన్నమాట" అన్నారు.

ఇన్నేళ్లూ ఆయన ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉన్నారని నాకప్పుడు తెలిసింది. బందరు నుంచి గంట దారి. జవాబు తీసుకెళ్లడానికి నాకు సగం జీవితం పట్టింది.

"లేదు మాస్టారూ. లోటు నాది. క్షమించండి" అన్నాను.