మావయ్య రికార్డూ, మేడ మీద ఎండా

ఇప్పుడు పాట వినాలంటే ఫోను మీద వేలు పెడితే చాలు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాట వినడానికి ఇంట్లో ఒక వస్తువు ఉండాలి, ఆ వస్తువు మీద ఇంటాయనకి కాస్త గర్వమూ ఉండాలి. మా మావయ్యకి రెండూ ఉండేవి. బెజవాడ వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టు ఆయనది. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, అప్పుడు రికార్డ్ ప్లేయరు మూత తీసేవాడు. (అన్నానికి ముందు కూడా ఆయన అంత శ్రద్ధగా కడుక్కోవడం నేను చూడలేదు.) నేను ఉయ్యూరు నుంచి వచ్చి, వాళ్లింట్లోనే ఉంటూ, ఆటోనగర్‌లో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇరవై రెండేళ్లు. నాకు తెలియనిది ఏదీ లేదని గట్టిగా నమ్మే వయసు.

ఆ ధీమాతోనే ఒక సీడీ ప్లేయరు కొనుక్కొచ్చాను. మావయ్యకి ప్రాణమైన రికార్డు ఒకటుండేది. పెళ్లయిన కొత్తలో అత్తయ్యతో మద్రాసు వెళ్లినప్పుడు కొన్న వయొలిన్ కచేరీ. అదే కచేరీ సీడీగా దొరికితే తెచ్చి వినిపించాను. "చూశావా మావయ్యా, ఒక్క చిటపట లేదు!" అన్నాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, "మరి దగ్గేదిరా?" అన్నాడు. రికార్డులో ఒకచోట, రాగం మధ్యలో, శ్రోతల్లో ఎవరో పెద్దమనిషి దగ్గుతాడు. సీడీ చేసినవాళ్లు దాన్ని తీసేశారు.

"దగ్గు లేకపోతే మంచిదేగా మావయ్యా?"

"అందులో జనం కూర్చుని వింటున్నార్రా అల్లుడూ. ఇందులో ఎవరూ లేరు."

ఆ మాట నా ప్లేయరుకి కాదు, నాకే తగిలింది. వెంటనే పందెం కట్టాను. వచ్చే ఆదివారం మావయ్య కళ్లకి కండువా కట్టుకుని కూర్చోవాలి. దగ్గు రాని ముక్క చూసి రెండిట్లోనూ వినిపిస్తాను. ఏది బాగుందో ఆయన చెప్పాలి. తీర్పు అత్తయ్యది. "నాకు రెండూ ఒకటేరా నాయనా, ఏది మోగినా నేను పిలిస్తే ఈయన పలకరు" అంది అత్తయ్య.

శనివారం ఒంటిపూట ఆఫీసు. ఇంటికొచ్చేసరికి మావయ్య కొట్టులో ఉన్నాడు, అత్తయ్య పక్కింటికి వెళ్లింది. నాకో ఆలోచన వచ్చింది. చిటపట వినపడితే ఆయన రికార్డుని ఇట్టే పట్టేస్తాడు, ఆ దుమ్మేదో వదిలిస్తే పోటీ న్యాయంగా ఉంటుంది కదా! (న్యాయం అన్న మాట నాకు అలాంటప్పుడే గుర్తొచ్చేది.) గిన్నెలు తోమే పొడి, కొబ్బరి పీచు తీసుకుని రికార్డుని రెండువైపులా శుభ్రంగా తోమాను. మే నెల. మేడ మీద అత్తయ్య వడియాలు పెట్టిన పాత చీర మీద, వడియాల పక్కనే దాన్నీ ఆరబెట్టి, కిందికొచ్చి ఫ్యాను కింద నడుం వాల్చాను. కళ్లు తెరిచేసరికి గంట దాటింది. పరుగెత్తి వెళ్లి చూస్తే వడియాలు చక్కగా ఎండాయి. రికార్డు మాత్రం నూనెలో వేసిన అప్పడంలా అంచులన్నీ పైకి లేచి ఉంది. నీడలోకి తెచ్చి, చెక్క పలక కింద పెట్టి, ఆ పలక మీద నేనే కూర్చున్నాను. లాభం లేకపోయింది. ఎప్పటిలా అట్ట కవరులో పెట్టేసి, మంచివాడిలా స్నానానికి వెళ్లాను.

ఆదివారం మావయ్య చేతులు కడుక్కుని రికార్డు తనే తీశాడు. తీసి, చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. అయినా ప్లేయరు మీద పెట్టాడు. ముల్లు గోతుల రోడ్డు మీద బస్సులా ఎగిరెగిరి పడింది. వయొలిన్ ఏడ్చినట్టు మూలిగింది.

"అయ్యయ్యో, ఏమైందండీ దీనికి? ఎవరు ముట్టుకున్నారూ?" అంది అత్తయ్య.

నేను ఫ్యాను వైపు చూశాను. మావయ్య నా వైపు చూశాడు.

"నేనేనే. మొన్న కిటికీ దగ్గర ఎండలో పెట్టి మర్చిపోయా" అని, "సీడీ పెట్టరా" అన్నాడు.

పెట్టాను. కండువా ఒళ్లోనే ఉంచుకుని విన్నాడు. దగ్గు రావాల్సిన చోట ఒక్కసారి తలెత్తాడు. ఏమీ రాలేదు. తల దించుకుని మిగతాది విన్నాడు. "బాగుందిరా. నువ్వే గెలిచావు" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా, కంకిపాడు నుంచి గన్నవరం దాకా ఉన్న చుట్టాలందరికీ "మావయ్యే ఒప్పుకున్నాడు" అని ఏడాదిపాటు చెప్పుకు తిరిగాను. ఆయన మళ్లీ ఆ ప్లేయరు మూత తీయగా నేను చూడలేదు. ఆదివారం మధ్యాహ్నాలు నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. మావయ్యకి ఎనభై దాటాయి. చెవికి మిషన్ పెట్టారు, అది ఊరికే కూస్తుంది. టిఫిను తింటూ, ఇన్నేళ్లకి ధైర్యం చేసి, "మావయ్యా, ఆ రికార్డు ఎండలో పెట్టింది నేనే" అన్నాను. ఆయన మిషన్ సవరించుకుంటూ నా వైపు చూసి నవ్వి, "చట్నీ వేసుకోరా అల్లుడూ" అన్నాడు.

వినపడిందో, లేదో. ఇంకొంచెం గట్టిగా చెబితే తేలిపోయేది. కానీ అత్తయ్య అప్పుడే వంటింట్లోంచి ఇడ్లీలు పట్టుకొస్తోంది.

యాభై దాటిన మనిషిని, బుద్ధిగా చట్నీ వేసుకున్నాను.