గణపతిరావు లారీలో మీటర్లు

చీపురుపల్లి గణపతిరావుకి లారీ ఉండేది గానీ లారీ వ్యాపారం ఉండేది కాదు. యుద్ధమయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి అది. అరవై ఏడులో, మామగారిచ్చిన పొలం అమ్మి కొన్నాడు. ఇంజను దగ్గేది, బ్రేకులు బతిమాలితే గానీ పడేవి కావు. ముందు అవి చూపించమని ఎవరైనా అంటే, "బండికి మొకం ఉండాల. మొకం నేని బండికి సరుకెవుడిస్తాడు?" అనేవాడు.

ఆ మొహం కోసం వానాకాలమంతా తగలేశాడు. క్యాబిన్‌లో తుప్పు గీకించాడు. పాత సీటు పీకించి, కొత్త కొబ్బరిపీచు కుక్కించి, ఎర్ర రెక్సిన్ కుట్టించాడు. డాష్‌బోర్డు రేకు చిల్లులు పడిందని టేకు పలక వెయ్యాలన్నాడు. ఆ పలకేమీ బజార్లోంచి రాలేదు. పెళ్ళాం సుభద్రమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న పెట్టె మూత ఊడదీశాడు.

"నా సీరలు ఎలకలు కొట్టేత్తే నీ లారీకి కడతావేటి మావా?" అని ఆవిడ అరిచింది. వార్నీషు పూస్తున్న మనిషి తలైనా ఎత్తలేదు.

ఇక మీటర్లు మూడూ చచ్చినవే. బాగు చేయించడం మానేసి, అద్దాలు తీసి, ముళ్ళని తనకి నచ్చిన చోట జిగురుతో అతికించాడు. వేగం ముల్లు నలభై మీద, పెట్రోలు ముల్లు నిండుగా, వేడి చూపే ముల్లు చల్లని వైపు. బజారంతా వచ్చి చూసి మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్ళెవరూ సరుకివ్వలేదు.

ఇచ్చింది రాజాం పక్క రైతు, వరసకి బావైన జగన్నాధం ఒక్కడే. గోగునార నెల్లిమర్ల మిల్లుకి చేర్చాలి. కట్టలు ఎత్తించి, అతను క్యాబిన్ తలుపు మీద చెయ్యి వేశాడు.

"పైన కూకో బావా. నీ పంచెకి దుమ్మున్నాది."

"నార నాది, బాడుగ నాది. నానేటి పైన కూకోడం?"

"రెక్సిన్ మాసిపోద్ది."

జగన్నాధం నార మీదికెక్కి కూర్చున్నాడు.

చీపురుపల్లి దాటాక బానెట్ లోంచి ఆవిరి లేచింది. రేడియేటరులో నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో! జగన్నాధం పైనుంచి రేకు బాదాడు. "బావా, పొగొస్తన్నాది, ఆపు!"

గణపతిరావు డాష్‌బోర్డు చూశాడు. ముల్లు చల్లగానే ఉంది. దాన్ని అతికించింది తనేనని ఆ పెద్దమనిషికి తట్టనే లేదు. "మీటరు బాగానే సూపిస్తన్నాది, కూకో!" అని అరిచి ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజను ఒక్క మోత మోగి బిగుసుకుపోయింది.

జగన్నాధం దిగి, లోపలికి తొంగిచూసి, ముల్లుని గోటితో కదిపాడు. అది కదల్లేదు. పక్కకి ఉమ్మేశాడు.

"పిల్లలు సేతికి తాటాకు గడియారం కట్టుకుంటారు బావా. ఆళ్ళు కూడా దాన్ని సూసి బువ్వకి రారు."

నార దింపించి, ఎడ్లబళ్ళు కట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఇంజను మళ్ళీ లేవలేదు. రాజాం వ్యాపారి నగరేశ్వరరావు బండిని ఇనుము కింద కొని, జాలిపడి గణపతిరావుని తన లారీకి డ్రైవరుగా పెట్టుకున్నాడు. బుద్ధి వచ్చిందనుకున్నారు అందరూ. చేరిన కొత్తలోనే, "బాబూ, హారను మోత బాగునేదు, ఇత్తడిది ఎయ్యిద్దాం" అన్నాడు.

"తోలడం నీ పని. తోలు," అన్నాడు యజమాని.

తోలాడు, చాలా ఏళ్ళు తోలాడు. సుభద్రమ్మ మాత్రం అతను తోలే ఏ బండీ ఎక్కలేదు. రాజాం వెళ్ళాలంటే ఎండలో నిలబడి బస్సు కోసం చూసేది. మొగుడి లారీ ఆగి, "రాయే, ఎక్కు" అని పిలిస్తే మొహం అటు తిప్పుకునేది.