మా ఖాలా, పొట్టి కాకర

మా పక్కింటి ఖాలా నెలన్నర కింద పోయింది. అది డయాలసిస్‌కు వెళ్లాల్సిన రోజు. కొడుకు సందు మొదట్లో ఆటో మాట్లాడి లోపలికి వచ్చేసరికి, ఆమె బురఖా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, తలుపు పక్కన కుర్చీలో తల వాల్చి ఉంది. కునుకు పట్టిందనుకున్నాడట. కోడలి ఏడుపు గోడ ఇవతలికి వినిపించి మా అమ్మా నేనూ పరుగున వెళ్లాం. ఆటో అతను ఇంజన్ ఆపేసి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, ఎవరిని ఏమడగాలో తెలియక.

ఖాలా అంటే పిన్ని. ఆమె మాకు చుట్టం కాదు. మా బాపు గుళ్లో పూజారి. ఆమె భర్త, ఆయన పోయాక కొడుకు, లాడ్ బజార్‌లో లక్కగాజులు చేస్తూ బతికారు. కిషన్‌బాగ్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆమెను ఖాలా అనే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను.

ఆమె తోట డాబా మీద. పగిలిన బకెట్లు, పెయింటు డబ్బాలు, సగానికి కోసిన పాత నీళ్ల ట్యాంకు. వాటిలో టమాట, మిరప, గోకరకాయ, సొర అన్నీ ఉండేవి కానీ ఆమె ప్రాణం పొట్టి కాకర మీద. బొటనవేలంత కాయ, పాలిపోయిన ఆకుపచ్చ, పైన మొద్దు ముళ్లు. తాండూరు వైపు పల్లెలో ఆమె తల్లి ఇంటి వెనక పెరిగేదట ఆ తీగ. తల్లి పోయాక అన్నదమ్ములు ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు నేలంతా సిమెంటు చేశారు. కాకర మాత్రం ఇక్కడ, మా సందులో, డబ్బాల్లో బతికింది.

వానలు వెనకబట్టి బతుకమ్మ పూలు బజారులోకి వచ్చే రోజుల్లో ఖాలాకు పనితో ఊపిరాడేది కాదు. చలి పడకముందే తీగలన్నీ దులపాలి. కాయలు చక్రాలుగా కోసి, ఉప్పునీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి, చాప మీద ఎండబెట్టాలి. గలగలలాడేదాకా ఎండిన ఆ ఒరుగులు ఎండాకాలం దాకా కూరకు వచ్చేవి. "ఎండ ఉన్నప్పుడే చేతులు ఆడాలె. మబ్బుకు మనతోని దోస్తీ లేదు" అనేది.

మా నాయనమ్మ ఆ ఇంటి పొయ్యి మీద ఉడికింది ముట్టేది కాదు. ఖాలా దానికి నొచ్చుకుందో లేదో నాకు తెలియదు, ఎన్నడూ అనలేదు. మా వాటా కాయలు పచ్చివే గోడ మీదుగా అందించేది. మేము మా పొయ్యి మీద ఉడికించి, నీళ్లు కారుతున్న ముక్కలు మళ్లీ గోడ మీదుగా ఆమెకే ఇచ్చేవాళ్లం, ఎండ ఆమె డాబా మీదే బాగా పడుతుంది కనుక. ఒకే చాప మీద రెండిళ్ల ముక్కలు, మధ్యలో అడ్డంగా ఒక తాడు. నాయనమ్మ పోయిన తర్వాత ఆ తాడు ఎవరూ వేయలేదు.

గింజకు ఉంచిన కాయకు ఆమె ఎర్ర గుడ్డ పీలిక కట్టేది. చిన్నప్పుడు నేను ఒకసారి అలాంటి కాయ మీద చెయ్యి వేయబోతే మణికట్టు పట్టుకుంది. "అది మనది కాదు బేటీ. వచ్చే ఏడుది."

ఆ కాయలు పండి, పసుపెక్కి, తమంతట తాము విచ్చుకునేవి. లోపలి ఎర్రటి గుజ్జు కడిగి, గింజలు నీడకు ఆరబెట్టి, రొట్టెల భట్టీ నుంచి కొడుకు తెచ్చిన బూడిదలో కలిపి డబ్బాలో పోసేది. తొలి వాన పడగానే తనకు కావలసినవి నాటుకుని, మిగిలినవన్నీ పంచేసేది. ఒక్క గింజ కూడా దాచుకునేది కాదు. కొన్ని ఉంచుకోరాదా అని అమ్మ అంటే, "డబ్బల పండుకున్న గింజ సస్తది ఆపా. మట్టిల పండుకోవాలె" అనేది. ఆపా అంటే అక్క. సైదాబాద్‌లో ఉండే చెల్లెలికి, గాజుల దుకాణాల వాళ్లకు, మందుల షాపు అతనికి, ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషికి కూడా పొట్లం కట్టి ఇచ్చింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ వేయలేదు. గోడ అవతల కాస్తుంటే వేయాలని తోచదు.

రెండేళ్ల కింద ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారంలో మూడు రోజులు ఆసుపత్రి. ఉప్పు వద్దన్నారు, టమాట వద్దన్నారు, ఆకుకూరలు వద్దన్నారు, కాకర వద్దన్నారు, ఒరుగులూ పచ్చళ్లూ అసలే వద్దన్నారు. రోజు మొత్తానికి నీళ్లు ఇన్నే అని ఒక చిన్న సీసా కొలత పెట్టారు. ఆమె జీవితమంతా చేసిన వంటలో ఆమె తినగలిగింది చప్పటి అన్నం, ఉడికించి నీళ్లు వంపేసిన సొరకాయ.

అయినా ఆ ఏడు కూడా డబ్బాల్లో మట్టి మార్పించింది. సూదులు గుచ్చి గుచ్చి ఎడమ చేయి తాడులా ఉబ్బిపోయింది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. కుడిచేత్తోనే కాయలు కోసేది, నేను సెలవు రోజుల్లో వెళ్లి కత్తిపీట ముందు కూర్చునేదాన్ని. ఉడికిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా నోటికి అందించేది.

"నోరు తెరువు. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది ఖాలా. నువ్వు తినేది లేదు, ఎందుకు గింత తిప్పలు?"

"నేను తినకుంటె కాకర కాసుడు బంద్ చేస్తదా?" అన్నది.

కాయలు కడిగే తొట్టి దగ్గర మాత్రం చాలాసేపు ఉండేది. అవసరం లేకపోయినా రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి కూర్చునేది. ఒకసారి లేవమంటే తల ఎత్తకుండా చెప్పింది: "నీళ్లల్ల చేతులు పెట్టుకుంటె సగం దూప తీరుతదే."

ఆ మాట నేను మరచిపోలేను. మంచినీళ్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా వినిపిస్తుంది.

పోయిన వానాకాలం వదలలేదు. దసరా దాటినా రోజూ వానే. కాకర మొదటి కాపు అంతా ఎలాగో ఫ్యాను కింద, పొయ్యి పక్కన ఆరబెట్టి ఒరుగులు చేసింది, ఒక సీసా నిండింది. తర్వాతి కాయలకు ఎర్ర పీలికలు కట్టి, అవి పండే లోపల, ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి ఆసుపత్రిలో పడింది. కొడుకు అక్కడే ఉన్నాడు. కోడలు అటూ ఇటూ తిరుగుతూ ఉంది. నేను గొడుగు వేసుకుని డాబా ఎక్కి చూస్తే కాయలు పండకుండానే మెత్తబడి ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు కప్పాను. గాలికి ఎగిరిపోయింది.

ఆమె తిరిగి వచ్చిన రోజు, వద్దంటున్నా కొడుకు భుజం పట్టుకుని పైకి ఎక్కింది. పీలికలు తీగకు వేలాడుతున్నాయి, కాయలు కింద బురదలో ఉన్నాయి. కూర్చుని, ఆ బురదలోంచి గింజలు ఏరింది. కడిగింది. ఆరబెట్టింది. బూజు పట్టినవి తీసేయగా మిగిలినవి గుప్పెడు కూడా లేవు. వాటన్నిటినీ తడిగుడ్డలో మూటకట్టి దిండు పక్కన పెట్టుకుంది, మొలకెత్తుతాయో లేదో చూద్దామని. రోజూ పొద్దున విప్పి చూసేది. ఒకరోజు నేను వెళ్లేసరికి మూట ఒళ్లో విప్పి ఉంది.

"వాసన చూడు" అన్నది.

కుళ్లు వాసన.

"ఒక్కటన్న లేస్తదనుకున్న."

ఇన్నేళ్లుగా ఇంతమందికి పంచింది కదా, ఎవరో ఒకరి దగ్గర ఉంటాయన్నాను. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. నా ఫోను స్పీకరులో పెట్టి ఒక్కొక్కరికే చేశాం. సైదాబాద్ చెల్లెలు ముందు ఆరోగ్యం అడిగింది, తర్వాత అన్నది, "ఓనర్ డాబా మీద రూములు ఏసిండు గద ఆపా. ఇంకా చెట్లెక్కడివి?" మందుల షాపు అతను, "మస్తు కాసినయి ఖాలా, పిల్లలు సుత తిన్నరు. గింజల ముచ్చట యాదికే లేదు" అన్నాడు. మరొకరి తీగ ఎండాకాలంలో ఎండిపోయింది. ఇంకొకరు ఇల్లు మారారు. గాజుల దుకాణాల వాళ్లను కొడుకు స్వయంగా వెళ్లి అడిగి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే తల అడ్డంగా ఊపాడు.

"తిన్నరు గద" అన్నది ఖాలా. "పారెయ్యలే. తిన్నరు." తర్వాత దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. "నువ్వు ఇంటికి పో బేటీ. జరసేపు నన్ను ఇడువు."

నేను గోడ ఇవతలికి వచ్చాను. ఆమె ఏడవడం నా ఎరుకలో అదే మొదటిసారి. భర్త పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లందరికీ చాయ్ పోయించిన మనిషి.

మరునాడు బజారులో కాకర గింజల ప్యాకెట్టు కొని తీసుకెళ్లాను. మందు పూసిన ఎర్రటి గింజలు. అరచేతిలో పోసుకుని వేలితో కదిపి, మళ్లీ ప్యాకెట్టులోకి జాగ్రత్తగా ఒంపింది. "గివి గూడ కాకరనే. మా అమ్మ గింజలు గావు" అన్నది, నా మనసు కష్టపెట్టకూడదన్నట్టు మెల్లగా.

ఆ తర్వాత డాబా ఎక్కలేదు. చలి మొదలైంది, ఎండ వచ్చింది, అప్పుడు వచ్చి ఎవరికేం లాభం. ఒకరోజు ఆసుపత్రికి పోనని మొండికేసిందట. "ఒక్క దినం గా సూదులు లేకుంట ఎండల కూసుంట" అన్నదట. కొడుకు చేతులు పట్టుకుని బతిమాలితే లేచి వెళ్లింది. చివరి రోజు మాత్రం తనే ముందుగా తయారై కూర్చుంది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు అమ్మా నేనూ వెళ్లాం. బిర్యానీ వాళ్లు వాళ్లు తిన్నారు. మా కోసం కోడలు వేరే గిన్నెలో అన్నం, పప్పు చేసింది. పక్కన చిన్న గిన్నెలో కాకర ఒరుగుల పులుసు. ఆ ఒక్క సీసా విప్పిందన్నమాట. అమ్మ అదే ముందు వడ్డించుకుంది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. వానల్లో పాడవుతాయేమోనని ఖాలా రెండు రాళ్లు ఎక్కువే వేసి ఉంటుంది, రుచి చూసుకునే వీలు ఆమెకు లేదు కదా.

కొడుకు నా ఎదురుగా కూర్చుని ఒక చక్రం విప్పి, లోపలి గింజను వేలి మీద పెట్టుకున్నాడు. ఉబ్బి, నిగనిగలాడుతూ, చూడటానికి నిండు గింజలాగే ఉంది.

"ఇది ఎయ్యొచ్చా అక్కా?"

"ఉడికింది గద భాయ్" అన్నాను.

ఆ సంగతి అతనికీ తెలుసు. కాసేపు దాన్నే చూసి, నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. కోడలు లోపలికి వెళ్లిపోయింది.

నిన్న పొద్దున మా డాబా మీది నుంచి చూశాను. వాళ్ల డబ్బాలన్నీ ఒక మూలకు చేర్చి ఉన్నాయి. తీగలు కోసేశారు. కోడలు పిల్లల యూనిఫారాలు ఆరేస్తోంది. కాకర పాకిన ఇనుప తీగ మీద నులితీగలు ఎండి, గోధుమరంగు సన్న చుట్టలై, ఇంకా పట్టుకునే ఉన్నాయి. గోటితో గీకి చూసింది, రాలేదు. వాటి మధ్య ఖాళీ చూసుకుని ఒక్కొక్క క్లిప్పే పెడుతోంది. తడి చొక్కా చేతులు గాలికి ఊగి వాటికి తగిలినప్పుడల్లా, ఆ చుట్టలు తీగతో పాటు సన్నగా అదురుతున్నాయి.