ఆంటీ పేరు మీద పేకాట

నేను పుట్టు పిరికిదాన్ని. చిన్నప్పుడు క్లాసులో టీచరు పక్కపిల్లని తిడుతుంటే నాకు చెమటలు పట్టేవి. అలాంటిదాన్ని, అమెరికాలో హెచ్-ఫోర్ వీసా మీద కూర్చుని, వేలమంది మగాళ్ళు వచ్చిపోయే పోకర్ వెబ్‌సైట్ ఎలా నడిపానో తలుచుకుంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

హెచ్-ఫోర్ అంటే మొగుడికి ఉద్యోగం వీసా ఉంటే పెళ్ళానికి ఇచ్చే వీసా. ఉండొచ్చు, తినొచ్చు, గుమ్మం ముందు మంచు ఎత్తిపోసుకోవచ్చు. పని మాత్రం చెయ్యకూడదు. హైదరాబాద్‌లో నేనూ మా ఆయనా ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని కోడ్ రాసినవాళ్ళం. అమెరికాలో నోవై అనే ఊరొచ్చాక అతను కార్ల కంపెనీకి కోడ్ రాస్తుంటే నేను అపార్ట్‌మెంట్ కిటికీలోంచి మంచు తోసే బండ్లు చూస్తూ కూర్చున్నాను. చదువుకున్న చదువంతా పప్పులో తాలింపు పెట్టడానికే అయింది.

ఆ రోజుల్లోనే టీవీలో పోకర్ పోటీలు ఊపందుకున్నాయి. అంతకు ముందు మనవాళ్ళు వీకెండ్ కలిస్తే రమ్మీ ఆడేవాళ్ళు. ఉన్నట్టుండి అందరి బేస్‌మెంట్లలోకీ పోకర్ దిగింది. మగవాళ్ళు కింద ముక్కలు, ఆడవాళ్ళు పైన వంటలు. నేను బజ్జీల పళ్ళెం పట్టుకుని కిందికి దిగి అక్కడే నిలబడిపోయేదాన్ని. ఎవరు గెలిచే అవకాశం ఎంతో నా బుర్ర దానంతటదే లెక్క కట్టేసేది. మా ఆయన చేతిలో చెత్త ముక్కలు పెట్టుకుని పందెం పెంచుకుంటూ పోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఆ ముక్కలతో ఎవడైనా ఆడతాడా? ఛాన్సే లేదు నీకు" అని తిరిగొచ్చేటప్పుడు కార్లో దులిపేశాను.

"అంత తెలిస్తే ప్రోగ్రామ్ రాయరాదు మరి" అన్నాడు వెటకారంగా. అతనిది వరంగల్. నాకు కోపమొస్తే అతనికి నవ్వొస్తుంది.

రాసి పారేశాను. చేతిలో ఉన్న రెండు ముక్కలేవో చెబితే గెలిచే అవకాశం ఎంతో చెప్పే చిన్న ప్రోగ్రామ్. స్నేహితులు చూసుకుంటారని ఇంటర్నెట్‌లో పెట్టాను. పక్కనే ఆ లెక్క ఎలా వచ్చిందో మామూలు మాటల్లో ఒక పేజీ రాశాను. అది చదివి ఎవరో టెక్సస్ నుంచి ఇంకో ప్రశ్న అడిగాడు. దానికి ఇంకో పేజీ. అలా పేజీ మీద పేజీ పెరిగి, అందరూ వచ్చి వాదించుకోవడానికి ఒక ఫోరం పెట్టాల్సి వచ్చింది. మంచు పడి జనం ఇళ్ళలో ఇరుక్కుపోయిన సాయంత్రాల్లో ఆ రద్దీకి సర్వర్ కుప్పకూలేది. దాన్ని లేపడం, బూతులు రాసినవాళ్ళని తరిమెయ్యడం, తప్పు లెక్క చెప్పినవాడికి ఓపిగ్గా సరైనది చెప్పడం, ఇదీ నా దినచర్య. అందరూ నన్ను "సర్" అనేవాళ్ళు. ఒకాయన నన్ను రిటైరైన ప్రొఫెసర్ అనుకుని ఆరోగ్యం జాగ్రత్త అని రాశాడు. నేనప్పుడు కుక్కర్ విజిళ్ళు వింటూ ఒక చేత్తో టైప్ చేస్తున్నాను. నిజం చెప్పాలంటే, నేను జీవితంలో ఒక్క డాలర్ పెట్టి పోకర్ ఆడలేదు. అంత ధైర్యమే ఉంటే ఇంకేం?

కొన్నాళ్ళకి ప్రకటనలు ఇస్తామని పెద్ద పెద్ద పోకర్ కంపెనీలు అడగడం మొదలుపెట్టాయి. అప్పటికే మా ఆయన కంపెనీ మా గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసింది. మా ఆయన లాయర్‌ని ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగాడట, భార్య ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్ నడుపుకోవచ్చా అని. "ఆవిడ పని చేసిందని తేలితే మీ కేసు మొత్తం పోవచ్చు" అన్నాడట లాయర్. ఆ రోజు నుంచి ప్రకటనల వాళ్ళకి జవాబివ్వడం మానేశాను.

అప్పుడు ఆదుకుంది గుడిలో పరిచయమైన డాక్టర్ ఆంటీ. ఆంటీది గుంటూరు. ఎప్పుడో డెబ్బైల్లో వచ్చి, గుండె డాక్టరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. అంకుల్ పోయారు, పిల్లలు ఎక్కడో ఉన్నారు. నా సైట్ చూసి పోకర్ నేర్చుకుని, డబ్బుకి బదులు ఉత్తుత్తి చిప్స్ బిళ్ళలతో పొద్దస్తమానం ఆడేది. అమెరికా సిటిజన్. దేనికీ భయపడదు.

"దీనికింత ఏడుపెందుకే అమ్మాయ్? మన దగ్గర స్థలాలు బావమరిది పేరున కొనరూ? సైట్ నా పేరున పెట్టెయ్" అంది.

"ఆంటీ, అది బినామీ అంటారు" అన్నాను.

"అంటే అననీ. పేరు నాది, బుర్ర నీది."

అలా సైట్ ఆంటీ పేరు మీదికి వెళ్ళింది. ప్రకటనల మీద వచ్చేది ఆంటీ ఖాతాలో పడేది. నేను దాన్ని ముట్టుకోనని ఒట్టేసుకున్నాను. సర్వర్ ఖర్చులూ టాక్సులూ పోను మిగిలింది ఆంటీ గుడి వంటశాలకి ఇచ్చేసేది. ఆదివారం గుడికి వెళ్తే నా చేతిలో దొన్నె పెట్టి, "తిను, పేకాట పులిహోర" అని చెవిలో చెప్పి నవ్వేది. ఎవరైనా విన్నారేమో అని చుట్టూ చూసుకునేదాన్ని.

ఎందుకంత భయం, పోతే ఇండియా వెళ్ళిపోతాం, అంతేగా అని మొదట్లో నాకు నేనే చెప్పుకునేదాన్ని. పాప పుట్టాక ఆ మాట అనలేకపోయాను. పాపకి పుట్టుకతోనే చెవులు వినిపించవు. ఏడాది నిండాక ఆపరేషన్ చేసి లోపల యంత్రం పెట్టారు. వినడం వచ్చింది గానీ మాట రావాలంటే ఏళ్ళ తరబడి నేర్పాలి. వారానికి మూడుసార్లు ఒక టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. పెదాల ముందు దూదిపింజ పెట్టి 'ప' అనిపించేది. దూది కదిలిన రోజు నేనూ ఆవిడా కావలించుకుని ఏడ్చాం. మా ఆయన ఇన్సూరెన్సూ, ఆ టీచరమ్మా, ఆ యంత్రాన్ని సరిచేసే హాస్పిటలూ అన్నీ ఇక్కడే. మధ్యలో పొమ్మంటే పాప మాట ఎక్కడిది అక్కడ ఆగిపోతుంది. కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు ఊడిన ఏడాది మా అపార్ట్‌మెంట్లలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. తలుపు చప్పుడైతే చాలు, నేను లాప్‌టాప్ మూసి బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని. పార్కింగ్‌లో పోలీసు కారు ఆగితే పరదా వెనక నిలబడి అది వెళ్ళేదాకా చూసేదాన్ని.

"ఊకో, ఏం కాదు" అనేవాడు మా ఆయన. "ఆపెయ్యరాదు మరి, అంత భయమైతే?"

ఆపలేకపోయాను. రోజుకి ఒక్కసారైనా నాకు తెలిసిన పని నేను చెయ్యకపోతే పిచ్చెక్కేట్టుండేది.

పాప బడికి వెళ్తున్న ఏడాది, ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఫోరంలో ఒక్కసారిగా గోల మొదలైంది. మా సైట్‌లో ప్రకటనలిచ్చే పెద్ద పోకర్ కంపెనీల పేజీలు తెరిస్తే ఆట లేదు, బల్లలు లేవు. ప్రభుత్వం ముద్రలు, చట్టానికి విరుద్ధంగా జూదం ఆడిస్తున్నందుకు ఈ సైట్ స్వాధీనం చేసుకున్నాం అన్న మాటా ఉన్నాయి. ఒక్కొక్క కంపెనీ పేజీ తెరిచి చూశాను, అన్నిట్లోనూ అదే. స్టవ్ మీద పాలు పొంగి మాడిపోయాయి. ప్రకటనలన్నీ పీకేసి ఆంటీకి ఫోన్ చేశాను.

"తీసుకెళ్తే తీసుకెళ్ళనీ. జైల్లో వెజిటేరియన్ పెడతారా అని అడుగుతా" అని నవ్వింది.

రెండ్రోజులకి ఆవిడే ఫోన్ చేసింది. "ఎవడో అబ్బాయి ఫోన్ చేశాడే. వెబ్‌సైట్ ఓనర్‌తో మాట్లాడాలట. నెట్‌లో నా పేరు, నంబరు చూశాడట. ఫోన్లో ఏం మాట్లాడతాం, రేపు పదింటికి ఇంటికి రా, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం అన్నా."

"ఎవరని అడిగారా?"

"ఇంటికొస్తానన్నవాణ్ణి నువ్వెవడివని అడుగుతామా? బాగుంటుందా?"

దేవుడా! పట్టుకెళ్ళడానికి వచ్చేవాడికి కాఫీ పెట్టి పిలిచింది మహాతల్లి. మా ఆయన పోవద్దన్నాడు. కానీ నా పని వల్ల వచ్చిన గండానికి ముసలావిణ్ణి ఒక్కదాన్నే కూర్చోబెట్టి నేను ఇంట్లో ఎలా కూర్చోను? పాపకి బడి సెలవు. దాన్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆంటీ ఉప్మా చెయ్యమంది. రవ్వ వేయిస్తూ కిటికీలోంచి వీధి వంకే చూస్తున్నాను.

బూడిదరంగు కారు వచ్చి ఆగింది. పొడుగాటి అమెరికన్ కుర్రాడు దిగాడు. ఆంటీ ఎదురెళ్ళి లోపల కూర్చోబెట్టింది. నేను వంటింట్లోంచి చెవులు రిక్కించాను. ప్రభుత్వం మనిషి కాదు. విలేకరి. పోకర్ కంపెనీలు మూతపడ్డాక ఇక్కడివాళ్ళు ఏమంటున్నారో పేపర్లో రాస్తాడట. అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం ఇంకో భయం. పేపర్లో పడితే లోకమంతా చదువుతుంది కదా!

"ఆ లెక్కల పేజీలు ఎవరు రాశారు?" అని అడిగాడు. "అంత తేటగా చెప్పినవాళ్ళని నేనింకెక్కడా చూడలేదు. మా నాన్నకి లెక్కలంటే పడదు, ఆయనకే అర్థమైంది."

మూకుడు ముందు నిలబడి ఆ మాట విన్నాను. ఇన్నేళ్ళలో ఒక మనిషి గొంతుతో నా పని గురించి మంచిమాట వినడం అదే మొదటిసారి. పరిగెత్తుకెళ్ళి నేనే, నేనే అని అరవాలనిపించింది.

"నేనే రాశాను" అంది ఆంటీ. "గుండె డాక్టర్ని. మా పనంతా ఛాన్సుల లెక్కే బాబూ."

కాఫీ పట్టుకుని వెళ్ళాను. ఈవిడెవరని అడిగాడు. "వంటలో నాకు సాయం చేస్తుంది" అంది ఆంటీ తడుముకోకుండా. ఓరి నాయనో, ఇంకో ఉద్యోగం అంటగట్టింది! "లేదు, లేదు, నేను వర్క్ చెయ్యను. ఏ వర్కూ చెయ్యను" అన్నాను ఇంగ్లీషులో. అతను బిత్తరపోయి చూశాడు.

సోఫా మూల బొమ్మలు వేసుకుంటున్న పాప తలెత్తింది. టీచరమ్మ నేర్పినట్టు అతని మొహంలోకి చూసి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "మై మామీ మేక్స్ ద కార్డ్..."

ఎలా దూకానో తెలియదు. ట్రే నేల మీద పడింది. నా అరచెయ్యి పాప నోటి మీద ఉంది. గట్టిగా నొక్కేశాను. దాని ఊపిరి వేడిగా నా చేతికి తగులుతోంది. కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది. ఏ నోరు మాట్లాడాలని ఇన్నేళ్ళు దూదిపింజలు పట్టుకుని కూర్చున్నానో ఆ నోరే మూశాను.

కాఫీ ఒలికిందని హడావిడి చేసి ఆంటీ ఆ సంగతి మరిపించింది. అతను పిల్లల మాటలే అనుకున్నట్టున్నాడు. ఉప్మా తిని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. పేపర్లో ఆంటీ ఫోటో పడింది, పోకర్ బామ్మగారని. ఎవరూ ఏమీ అడగలేదు.

పాప మాత్రం ఆ వారమంతా నోరు విప్పలేదు. టీచరమ్మ దగ్గర కూడా పెదవి కదపలేదు. ఇంట్లో ఏమైనా జరిగిందా అని ఆవిడ అడిగితే నేను జ్వరమొచ్చిందని అబద్ధమాడాను. ఆ శనివారమే సైట్ మూసేశాం. మా ఆయన నా లాప్‌టాప్‌లోని డిస్క్ తీసి గ్యారేజ్‌లో సుత్తితో పగలగొట్టాడు. నేను వద్దనలేదు. ఫోరంలోవాళ్ళకి వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

పాప మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాక నేనే ఒక వాక్యం నేర్పాను. ఎవరైనా అమ్మ ఏం చేస్తుందని అడిగితే ఇది చెప్పాలి అన్నాను. టీచరమ్మ పద్ధతిలోనే, అద్దం ముందు కూర్చోబెట్టి, ముక్కలు ముక్కలుగా, రోజూ స్నానం అయ్యాక అనిపించాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

మరుసటేడు గ్రీన్ కార్డులు వచ్చాయి. ఆంటీ వాళ్ళింట్లో భోజనాలు పెట్టింది. తెలిసినవాళ్ళంతా వచ్చారు. వడ్డన దగ్గర ఒకాయన, "పాపం, చదువుకుని ఇన్నాళ్ళూ ఖాళీగా కూర్చున్నావా అమ్మా?" అని నన్నడిగాడు.

"ఖాళీగానా! ఇప్పుడింకేం భయమే, చెప్పు" అంది ఆంటీ.

నాకూ ఉత్సాహం వచ్చింది. నా నోటితో నేను చెప్పుకోవడం ఎందుకు, ఆ రోజు చెప్పనివ్వనిది ఈ రోజు దానితోనే చెప్పిద్దామనుకున్నాను. పాపని దగ్గరికి పిలిచి, "అమ్మ ఏం చేసేదో అంకుల్‌కి చెప్పు నాన్నా. ఇప్పుడు చెప్పొచ్చు" అన్నాను.

పాప నా చేతుల వంక చూసింది. ఒకడుగు వెనక్కి వేసింది. తర్వాత ఆయన మొహంలోకి చూస్తూ, ఒక్క అక్షరం తడబడకుండా అంది. "మా అమ్మ ఏ వర్కూ చెయ్యదు."

పిల్లకి మాట ఎంత శుభ్రంగా వచ్చిందో అని అందరూ చప్పట్లు కొట్టారు.