హోలీ మర్నాటి ఎర్ర పిట్ట

తొంభైల్లో ఓసారి, హోలీ మర్నాడు, ఢిల్లీ కంటోన్మెంట్‌లో తెలిసిన సుబేదారు గారింట్లో టీ తాగుతున్నాను. పెరట్లో మల్బరీ చెట్టు మీద తలా రొమ్మూ ఎర్రగా ఉన్న పిట్ట వాలింది.

"పాపం, పిచ్చుక మీద కూడా రంగు పోశారు బాబూ," అంది ఆయన భార్య. విజయనగరం ఆవిడ.

"పిచ్చుక కాదు ఆంటీ. మగ పిచ్చుకకి గొంతు కింద నల్లగా ఉంటుంది కదా! ఇది రోజ్‌ఫించ్. దీని ఈకలే ఎరుపు," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. రంగు కళ్ళలో పడితే మండుతుందని మట్టిమూకుడు నిండా నీళ్ళు పోసి గోడ మీద పెట్టింది. కాసేపటికి పిట్ట దిగి, శుభ్రంగా స్నానం చేసి, ఎర్రగానే ఎగిరిపోయింది.

ఆవిడ మూకుడులోకి వంగి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. గెలిచాననుకున్నాను.

"పక్కా రంగు బాబూ ఇది!" అంది. "ఎంత ఉతికినా మా ఆయన బనీనుకీ వదల్లేదు."